పీ0087 కోడ్ వచ్చింది, హై ప్రెషర్ పంపు మార్చాలంటున్నారు. నిజంగా పంపేనా?

బెజవాడ_టర్బో (విజయవాడ)

అందరికీ నమస్కారం. బండి 1.0 టర్బో జీడీఐ (పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చల్లే ఇంజిన్), 2020 మోడల్, 78 వేల కిలోమీటర్లు తిరిగింది. ఈ రకం ఇంజిన్ ఉన్న అందరికీ పనికొస్తుందని బ్రాండు పేరు కావాలనే రాయడం లేదు.

ఊళ్లో తిరిగినంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. హైవే ఎక్కి లారీని దాటేద్దామని గట్టిగా తొక్కితే మాత్రం 3000 ఆర్‌పీఎమ్ దాటాక పికప్ ఒక్కసారిగా చచ్చిపోతుంది. ఇంజిన్ లైట్ వెలిగి బండి లింప్ మోడ్‌లోకి (ఇంజిన్ తనను కాపాడుకోడానికి శక్తి తగ్గించుకోవడం) పోతుంది. పక్కకు తీసి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. మొన్న నందిగామ దాటాక ఇదే జరిగింది. వెనక బస్సువాడి హారన్, లోపల అమ్మా నాన్న. టెన్షన్ మామూలుగా లేదు.

సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టి పీ0087 అన్నారు. "హై ప్రెషర్ పంపు పోయింది సార్" అని లేబరుతో కలిపి 46 వేల ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ఏం కొలిచారండీ అని అడిగితే "కోడే చెప్తోంది కదా" అన్నారు. వారంటీ అయిపోయింది. మార్చేయాలా, ముందు ఏమైనా చూడాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

స్పానర్‌సెట్ (విశాఖపట్నం)

ఎస్టిమేట్ మీద సంతకం పెట్టకండి, ఆగండి.

పీ0087 అంటే రైల్లో (ఇంజెక్టర్లకు పెట్రోల్ అందించే గొట్టంలో) ఉండాల్సినంత ప్రెషర్ లేదు, అంతే. ఎందుకు లేదన్నది కోడ్‌కి తెలియదు. అది మనం వెతుక్కోవాలి.

పెట్రోల్ ఎటు నుంచి ఎటు పోతుందో ఒకసారి చూడండి. టాంకులో ఉండే కరెంటు పంపు 4 నుంచి 6 బార్ ప్రెషర్‌తో పెట్రోల్‌ను ముందుకు తోస్తుంది. ఇంజిన్ మీద ఉన్న హై ప్రెషర్ పంపు దాన్ని అందుకుంటుంది. ఈ రెండో పంపుకి మోటారు లేదు. క్యామ్‌షాఫ్ట్ మీద ఉన్న మూడు నాలుగు లోబ్‌లు (ఉబ్బెత్తులు) కింది నుంచి ప్లంజర్‌ను (పంపు లోపలి కడ్డీని) పైకి కొడుతుంటే ప్రెషర్ పుడుతుంది. ఎంత పెట్రోల్ రైల్లోకి పోవాలి, ఎంత వెనక్కి రావాలి అన్నది పంపు మీద ఉన్న కంట్రోల్ వాల్వ్ చూసుకుంటుంది. ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) చెప్పిన క్షణంలో ఆ వాల్వ్ మూసుకుంటేనే రైల్లో ప్రెషర్ ఎక్కుతుంది. ఐడిల్‌లో చాలా బండ్లకు 40 నుంచి 60 బార్, ఫుల్ లోడ్‌లో 150, 200 దాకా పోతుంది. కొత్త ఇంజిన్లలో ఇంకా ఎక్కువ. ఫోక్స్‌వ్యాగన్ 1.5 టీఎస్‌ఐ ఈవోలో 350 బార్.

ఇప్పుడు చెప్పండి, రైల్లో ప్రెషర్ పడిపోవడానికి హై ప్రెషర్ పంపు ఒక్కటేనా కారణం? టాంకులో పంపు నీరసించినా, ఫిల్టర్ మూసుకున్నా, దానికి కరెంటు సరిగా అందకపోయినా ఇదే కోడ్. క్యామ్ ఫాలోవర్ (క్యామ్‌కీ పంపుకీ మధ్య ఉండే ముక్క) అరిగినా, కంట్రోల్ వాల్వ్ వైర్ తెగినా ఇదే. ఇంజెక్టర్ కారినా రావచ్చు. రైల్ సెన్సర్ తప్పు లెక్క చెబితే ప్రెషర్ బ్రహ్మాండంగా ఉన్నా ఇదే కోడ్ పడుతుంది.

గ్యారేజీకి వచ్చే పీ0087 బండ్లలో నేను ముందు చూసేది వెనక సీటు కింద, టాంకు పంపు దగ్గర. బోనెట్ తర్వాత.

ఓరుగల్లు_రైడర్ (వరంగల్)

అన్నా, నా బండికి కూడా గిట్లనే అయింది. ఈ20 (20 శాతం ఎథనాల్ కలిపిన) పెట్రోల్ పోస్తున్నప్పటి నుంచే ఈ తిప్పలన్నీ. పంపు కాదు, బంకుల పోసే పెట్రోల్ మార్చాలె ముందు.

లెక్కల_మాస్టారు (హైదరాబాద్)

ఈ20 మీద కోపం నాకూ ఉంది తమ్ముడూ, కానీ నింద వేసే ముందు లెక్క చూద్దాం. ఎథనాల్ కలపని పెట్రోల్ పూర్తిగా కాలడానికి ఒక వంతుకు 14.7 వంతుల గాలి కావాలి. ఈ10కి 14.1, ఈ20కి 13.5 దగ్గర. అంటే ఈ10 నుంచి ఈ20కి మారితే అదే గాలికి 4 శాతం పైన ఎక్కువ పెట్రోల్ ఇంజెక్ట్ అవ్వాలి. ఆరోగ్యంగా ఉన్న పంపుకి ఆ 4 శాతం లెక్కలోకి రాదు. ఎప్పటి నుంచో అంచు మీద నడుస్తున్న పంపుకి అదే ఆఖరి దెబ్బ కావచ్చు. అందుకే "ఈ20 పోశాకే మొదలైంది" అనే మాట కొందరి విషయంలో నిజమే. అయినా అసలు రోగం ఈ20 కాదు, అది ఉన్న రోగాన్ని బయటపెట్టిందంతే.

నీళ్ల సంగతి వేరు. ఎథనాల్ నీటిని పీల్చుకుంటుంది. బంకు టాంకులో నీరు మితిమీరితే ఎథనాల్, నీరు కలిసి అడుగుకు దిగిపోతాయి. వానాకాలంలో అది మన టాంకులోకి వస్తే బండి నిలబడిపోతుంది, తుప్పు కూడా మొదలవుతుంది. కానీ బెజవాడ_టర్బో గారి బండి ఊళ్లో బాగా నడుస్తూ లోడ్ మీద మాత్రమే చస్తోంది. నీళ్ల లక్షణం ఇలా ఉండదు.

ఓరుగల్లు_రైడర్

మాస్టారూ, మీరు లెక్కలు చెప్తే మేం ఏం మాట్లాడతం. కానీ 2023కి ముందు బండి కొన్నోళ్ల రబ్బరు పైపుల సంగతేంది?

మోడరేటర్

ఈ20, రబ్బరు, వారంటీ చర్చకు వేరే థ్రెడ్ ఉంది, అక్కడ కొనసాగించండి. ఇక్కడ పీ0087 వరకే.

బెజవాడ_టర్బో

స్పానర్‌సెట్ గారూ, చాలా థాంక్స్. నా దగ్గర ఈఎల్‌ఎమ్327 బ్లూటూత్ ఓబీడీ ముక్క (బండి కంప్యూటర్ అంకెలు ఫోన్‌కి పంపేది) ఉంది. ఫోన్‌లో "ఫ్యూయల్ రైల్ ప్రెషర్" అని పెడితే ఐడిల్‌లో 5100 చూపిస్తోంది. 5100 బార్ అయితే ఇంజిన్ పేలిపోవాలి కదా?

స్పానర్‌సెట్

అది కిలోపాస్కల్. వందతో భాగించండి, 51 బార్. ఐడిల్ ప్రెషర్ చక్కగా ఉంది.

మీ చేతిలో ఉన్న పరికరంతోనే మొదటి పరీక్ష చేయొచ్చు. ఇంజిన్ బాగా వేడెక్కాక, ఖాళీ రోడ్డు మీద, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకోండి. డ్రైవ్ చేస్తూ మీరు ఫోన్ చూడొద్దు. యాప్‌లో రికార్డింగ్ ఆన్ చేసి మూడో గేర్‌లో 2000 ఆర్‌పీఎమ్ దగ్గర నుంచి పూర్తిగా తొక్కండి. రైల్ ప్రెషర్, ఆర్‌పీఎమ్, ఇంజిన్ లోడ్, షార్ట్ టర్మ్ లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో) రికార్డ్ చేయండి. ఎంత ఉండాలని ఈసీయూ అడుగుతోందో (డిజైర్డ్ ప్రెషర్) చాలా బండ్లలో ఈ చవక పరికరానికి కనబడదు. కంపెనీ స్కానర్‌లోనో, మంచి మల్టీబ్రాండ్ స్కానర్‌లోనో కనబడుతుంది. అడిగిన గీత పైకి పోతుంటే వచ్చిన గీత కిందకి జారుతూ ఉందంటే ప్రెషర్ నిజంగానే పడుతోందని నమ్మొచ్చు.

ఇంకొకటి. మొదటి సెల్ఫ్ కొట్టకముందు, రాత్రంతా ఆగిన బండిలో ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి రైల్ ప్రెషర్ రాసుకోండి. టాంకు పంపు ఇచ్చే 5 బార్ చుట్టుపక్కల ఉండాలి. అప్పుడే 30, 40 చూపిస్తే సెన్సర్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. ఈ సెన్సర్‌కి 5 వోల్టుల సప్లై ఇచ్చి 0.5 నుంచి 4.5 వోల్టుల మధ్య సిగ్నల్ తీసుకుంటారు. వైరు తెగితే పీ0192, పీ0193 లాంటివి పడతాయి. కోడ్ పడకుండా అబద్ధం చెప్పే సెన్సర్ కూడా ఉంటుంది. అది దొరకాలంటే ఇంజిన్ ఆపినప్పటి రీడింగే దారి.

కొత్త_లైసెన్స్ (రాజమండ్రి)

మధ్యలో అడ్డొస్తున్నందుకు ఏమనుకోకండి. మాది మామూలు స్విఫ్ట్ పెట్రోల్. మాకూ ఈ పంపు ఉంటుందా?

లెక్కల_మాస్టారు

ఉండదమ్మా. మీది పోర్ట్ ఇంజెక్షన్, పెట్రోల్ ఇన్‌టేక్ దారిలో పడుతుంది, 3 నుంచి 4 బార్ చాలు, టాంకు పంపే అంతా చూసుకుంటుంది. పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చల్లే ఇంజిన్లకే ఈ పంపు. కంప్రెషన్ జరుగుతున్నప్పుడు చల్లాలి కాబట్టి అంత ప్రెషర్ కావాలి. మన దగ్గర హ్యుందాయ్, కియా టర్బో జీడీఐలు, ఫోక్స్‌వ్యాగన్, స్కోడా టీఎస్‌ఐలు, మహీంద్రా ఎమ్‌స్టాలియన్ టీజీడీఐ, మారుతి బూస్టర్‌జెట్ 1.0 ఈ కోవలోవి. టర్బో అని రాసి ఉన్నంత మాత్రాన డైరెక్ట్ ఇంజెక్షన్ అనుకోవద్దు. టాటా నెక్సాన్ 1.2 టర్బో పోర్ట్ ఇంజెక్షనే.

ఇంకో మాట, జీడీఐ ఇంజిన్ బోనెట్ ఎత్తితే కుట్టు మిషన్ లాగా టకటకమంటుంది. ఇంజెక్టర్లూ, ఈ పంపూ చేసే చప్పుడు అది. దాన్ని విని పంపు పోయిందని భయపడి వచ్చేవాళ్లు చాలామంది.

సీమ_సెడాన్ (కర్నూలు)

నాదీ అదే కుటుంబం అనుకుంటున్నాను, కానీ లక్షణాలు వేరు. పెట్రోల్ టర్బో సెడాన్. లోడ్ మీద పికప్ ఏమీ తగ్గలేదు. వేడి మీద ఆపి పావుగంట తర్వాత స్టార్ట్ చేస్తే సెల్ఫ్ చాలాసేపు కొట్టాలి, స్టార్ట్ అయ్యాక కాసేపు మిస్సింగ్ కొడుతుంది. కోడ్ పీ0172, మిశ్రమం రిచ్ (పెట్రోల్ ఎక్కువ) అని. మెకానిక్ ఆక్సిజన్ సెన్సర్ మార్చాడు, తేడా లేదు. నిన్న ఆయిల్ చూద్దామని డిప్‌స్టిక్ లాగితే గరిష్ఠ గీత మీద ఒక వేలెడు పైకి ఉంది. పోయిన సర్వీసులో సరిగ్గా గీత దగ్గరే పోయించాను. ఆయిల్ పెరగడమేంటో అర్థం కావడం లేదు.

స్పానర్‌సెట్

సీమ గారూ, డిప్‌స్టిక్ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి చూడండి. పెట్రోల్ కలిస్తే చుక్క పల్చగా త్వరగా పాకుతుంది.

సీమ_సెడాన్

ఘాటు వాసన. బంకులో నిలబడ్డట్టే ఉంది.

స్పానర్‌సెట్

అయితే బండి నడపడం తగ్గించండి. ఆయిల్ పల్చబడితే బేరింగులకు, టర్బోకి దెబ్బ.

హై ప్రెషర్ పంపు ప్లంజర్ కింది భాగం ఇంజిన్ ఆయిల్ వైపు ఉంటుంది, పై భాగం పెట్రోల్ వైపు. మధ్యలో ఒక సీల్. ఆ సీల్ పోతే పెట్రోల్ కిందకి, క్యామ్ మీదకి కారి ఆయిల్లో కలుస్తుంది. వేడికి ఆ పెట్రోల్ ఆవిరై పీసీవీ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిరిని ఇన్‌టేక్‌కి పంపేది) ద్వారా మళ్లీ ఇన్‌టేక్‌లోకి వస్తుంది. ఈసీయూ ఇంజెక్టర్లను ఎంత తగ్గించినా రిచ్‌గానే ఉంటుంది. అందుకే ఆక్సిజన్ సెన్సర్ మార్చినా ఫలితం లేదు. అది ఉన్నదే చెబుతోంది పాపం.

కాకపోతే కారే ఇంజెక్టర్ కూడా ఆయిల్లో పెట్రోల్ కలుపుతుంది. రెండింటినీ ఇలా విడదీయొచ్చు. బండి వేడిగా ఉన్నప్పుడు ఆపి రైల్ ప్రెషర్ చూస్తూ ఉండండి. మామూలుగా ఇంజిన్ వేడికి రైల్లో పెట్రోల్ వ్యాకోచించి ప్రెషర్ కొంచెం పెరుగుతుంది. అది చూసి కంగారు పడొద్దు. దానికి బదులు నిమిషాల్లోనే బాగా పడిపోతే ఇంజెక్టరో, పంపు లోపలి వాల్వో కారుతోంది. అప్పుడు ప్లగ్గులు తీయించండి. ఒకే సిలిండర్ ప్లగ్ నల్లగా తడిగా ఉంటే ఇంజెక్టర్. ప్లగ్గులన్నీ ఒకేలా పొడిగా ఉండి, రైల్ ప్రెషర్ నిలబడి, ఆయిల్ మాత్రం పెరుగుతుంటే పంపు సీలే.

ఆయిల్, ఫిల్టర్ మార్పించి ఐడిల్‌లో ఫ్యూయల్ ట్రిమ్ చూడండి. మైనస్ పదుల్లో ఉన్నది సున్నా దగ్గరికి వచ్చి, బండి తిరిగేకొద్దీ మళ్లీ మైనస్‌లోకి జారుతుంటే ఆయిల్లోంచే వస్తోందని ఖాయం.

డాలస్_తెలుగు (టెక్సాస్)

ఇక్కడ అమెరికాలో ఈ పంపు పేరెత్తితే ముందు గుర్తొచ్చేది బీఎండబ్ల్యూ 335ఐ. ఎన్54 ట్విన్ టర్బో ఇంజిన్. పంపులు పోయి బండ్లు రోడ్ల మీద పికప్ లేకుండా ఆగిపోతుంటే గొడవ పెద్దదై, 2010 అక్టోబరులో సుమారు 1 లక్షా 30 వేల బండ్లను రీకాల్ చేశారు. అది నిజంగా పంపు తప్పే. కాబట్టి "పంపు ఎప్పుడూ పోదు" అని కూడా అనుకోవద్దు.

పాత ఫోక్స్‌వ్యాగన్ 2.0 టీఎఫ్‌ఎస్‌ఐలది ఇంకో కథ. పంపుకీ క్యామ్‌కీ మధ్య బొట్టుబిళ్లంత గుండ్రటి ఫాలోవర్ ఉంటుంది, రోలర్ ఉండదు. అది అరిగి చిల్లు పడితే ప్లంజర్ నేరుగా క్యామ్‌ను గీకేస్తుంది. అప్పుడు పంపుతోపాటు క్యామ్‌షాఫ్ట్ కూడా పోతుంది. అక్కడ ఆ ఇంజిన్ ఉన్నవాళ్లు ఆయిల్ మార్చినప్పుడల్లా ఫాలోవర్ తీసి చూసుకునేవాళ్లు. తర్వాతి ఇంజిన్లలో రోలర్ పెట్టాక ఆ బాధ చాలావరకు పోయింది.

బెజవాడ_టర్బో

రోడ్ టెస్ట్ చేశాను, బావమరిది ఫోన్ పట్టుకున్నాడు. రాత్రంతా ఆగిన బండిలో ఇగ్నిషన్ ఆన్ చేస్తే 4.9 బార్. అంటే సెన్సర్ బాగున్నట్టేనా? ఐడిల్ 51. మూడో గేర్‌లో పూర్తిగా తొక్కితే 2600 వరకు 160 దాకా ఎక్కింది, అక్కడి నుంచి ఆర్‌పీఎమ్ పెరుగుతుంటే ప్రెషర్ తగ్గుతూ 3400 దగ్గర 70కి వచ్చేసింది. వెంటనే లైట్. లాంగ్ టర్మ్ ట్రిమ్ మామూలుగా నడిపేటప్పుడు ప్లస్ 4, తొక్కినప్పుడు షార్ట్ టర్మ్ ప్లస్ 20 దాటింది.

గేర్‌బాక్స్_గురువు (గుంటూరు)

ఇంత కష్టం ఎందుకు? రైల్‌కి వెళ్లే స్టీల్ పైపు నట్టు కాస్త లూజ్ చేసి ఇంజిన్ నడుపుతూ చూస్తే పెట్రోల్ ఎంత జోరుగా వస్తుందో తెలిసిపోతుంది. డీజిల్ బండ్లకు ఎన్నిసార్లు చేశామో.

స్పానర్‌సెట్

దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు. గురువుగారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే చెబుతున్నాను, పాత డీజిల్ లైన్లో గాలి తీయడం వేరు, ఇది వేరు. 100 బార్‌తో చిమ్మే పెట్రోల్ చర్మంలోంచి లోపలికి దిగిపోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనబడినా ఆస్పత్రిలో చెయ్యి కోసి శుభ్రం చేయాల్సి వస్తుంది. పైగా ఇది పెట్రోల్, పక్కనే వేడి టర్బో.

హై ప్రెషర్ వైపు ఏది విప్పాలన్నా టాంకు పంపు ఫ్యూజ్ తీసి, ఇంజిన్ దానంతటది ఆగేదాకా నడిపి, స్కానర్‌లో రైల్ ప్రెషర్ 5 బార్ కిందకి వచ్చిందని చూసి, గుడ్డ కప్పి, కళ్లద్దాలు పెట్టుకుని విప్పాలి.

మోడరేటర్

పైన గేర్‌బాక్స్_గురువు గారి సలహా తీసేయడం లేదు, కింద జవాబు ఉంది కాబట్టి. కానీ ఎవరూ అలా చేయకండి.

స్పానర్‌సెట్

బెజవాడ గారూ, మీ అంకెలు చాలా చెప్పాయి. సెన్సర్ బాగుంది. ట్రిమ్ కూడా పెరిగింది, అంటే ఇంజిన్‌కి నిజంగానే పెట్రోల్ చాలడం లేదు. సెన్సర్ అబద్ధం అయితే ట్రిమ్ ఇలా పెరగదు. ఆర్‌పీఎమ్ పెరిగేకొద్దీ క్యామ్ పంపును ఎక్కువసార్లు కొడుతుంది కాబట్టి ప్రెషర్ ఇంకా సులువుగా రావాలి. మీకు తగ్గుతోంది. వచ్చేదే చాలకపోతే ఎంత కొట్టినా ఏం పెంచుతుంది?

ఇప్పుడు చేయాల్సింది లో ప్రెషర్ వైపు గేజ్ పెట్టడం. టాంకు నుంచి వచ్చే పైపు హై ప్రెషర్ పంపులోకి దిగే చోట టీ జాయింట్‌తో 10 బార్ గేజ్ పెట్టి, పొడుగు గొట్టంతో అద్దం దాకా తెచ్చి కట్టి మళ్లీ అదే టెస్ట్ చేయించండి. గేజ్‌ను కారు లోపలికి మాత్రం తీసుకురావద్దు, పెట్రోల్ గొట్టం అది. తొక్కినప్పుడు గేజ్ 5 దగ్గర నిలబడి రైల్ మాత్రం పడితే ఇంజిన్ వైపు వెతకాలి. పంపు, వాల్వ్, ఫాలోవర్, క్యామ్ టైమింగ్. చైన్ సాగి క్యామ్ కాస్త వెనకబడితే వాల్వ్ మూసే క్షణం లోబ్‌తో కలవదు. అప్పుడు పీ0016 (క్యామ్, క్రాంక్ టైమింగ్ కలవలేదనే కోడ్) కూడా తోడుగా రావచ్చు. గేజ్ కూడా రైల్‌తోపాటే పడితే మాత్రం హై ప్రెషర్ పంపు నిర్దోషి.

గేజ్ పడితే వెంటనే టాంకు పంపు కొనకండి. దాని కనెక్టర్ దగ్గర వోల్టేజ్ చూడండి. మీ బండిలో రిలే నుంచి నేరుగా 12 వోల్టులు వస్తాయి అనుకుంటున్నాను. కొన్ని బండ్లలో మధ్యలో కంట్రోల్ మాడ్యూల్ ఉండి పంపు వేగాన్ని మారుస్తుంది, అలాంటి వాటికి మామూలు మల్టీమీటర్ అంకె నమ్మలేం.

ఓరుగల్లు_రైడర్

ఈ గేజ్ టెస్ట్ సర్వీస్ సెంటరోళ్లు ఎందుకు చేయరన్నా?

స్పానర్‌సెట్

గంట పని. దానికి లేబర్ బిల్లు వేస్తే కస్టమర్ "ఏం మార్చారని డబ్బులు?" అంటాడు. పార్టు మార్చితే ఎవరూ అడగరు. తప్పు రెండు వైపులా ఉంది.

బెజవాడ_టర్బో

ఆటోనగర్‌లో మా బాబాయికి తెలిసిన ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాను. గేజ్ పెట్టించాం. ఐడిల్‌లో 4.8. మూడో గేర్‌లో తొక్కితే గేజ్ ముల్లు మెల్లగా దిగుతూ 2.4కి వచ్చింది, సరిగ్గా అప్పుడే రైల్ ప్రెషర్ పడింది.

తర్వాత వెనక సీటు ఎత్తి మూత తీశాడు. కనెక్టర్ ఊడదీయకుండానే వెనక నుంచి మల్టీమీటర్ సూదులు పెట్టాడు. ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు, పంపు దగ్గర 10.6. ప్లస్ వైరులో పోయింది 0.4 మాత్రమే, మిగతా 2.9 అంతా ఎర్త్ వైపే. అప్పుడు కనెక్టర్ లాగాడు. నాలుగు పిన్నుల్లో ఎర్త్ పిన్ను నీలం తిరిగి ఉంది, దాని చుట్టూ తెల్ల ప్లాస్టిక్ బెల్లం రంగులోకి మారి కాస్త కరిగి పిన్నుకి అతుక్కుంది. ఆడ టెర్మినల్ నొక్కి చూస్తే వదులు, పట్టు లేదు. మూత కింద ఎర్రటి దుమ్ము గట్టిపడి ఉంది, నీటి చార కూడా. ఫొటోలు కింద పెట్టాను.

నాకు అర్థం కానిది ఒకటే. పంపు ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతుంటే ఐడిల్‌లో 4.8 ఎలా వచ్చింది?

లెక్కల_మాస్టారు

ఐడిల్‌లో ఇంజిన్ తాగేది చాలా కొంచెం. పంపు తోసినదాంట్లో ఎక్కువ భాగం టాంకులోని రెగ్యులేటర్ గుండా మళ్లీ టాంకులోకే పోతుంది. పంపు సగం శక్తితో తిరిగినా ఆ కొంచానికి సరిపోయి ప్రెషర్ నిలబడుతుంది. పూర్తిగా తొక్కినప్పుడు ఇంజిన్ తాగేది ఎన్నో రెట్లు పెరుగుతుంది. రెగ్యులేటర్ మూసుకున్నా చాలదు, ప్రెషర్ దిగుతుంది. అందుకే పంపును ఐడిల్‌లో పరీక్షించి బాగుందని చెప్పకూడదు.

పిన్ను కాలడానికి కూడా లెక్క ఉంది. పంపు 7 ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే 2.9 వోల్టులకి 20 వాట్లు. ఒక చిన్న పిన్ను మీద అంత వేడి, బండి నడిచినంతసేపూ.

స్పానర్‌సెట్

పిన్ను గీకి, టెర్మినల్ నొక్కి మళ్లీ పెట్టేయొద్దు. ఒకసారి నీలం తిరిగిన లోహానికి స్ప్రింగ్ పట్టు రాదు. కొత్త కనెక్టర్ వైరు తోకతో సహా దొరుకుతుంది, క్రింప్ చేయించి హీట్ ష్రింక్ వేయించండి. పంపు వైపు పిన్ను కూడా కాలి ఉంటే మూతతో కలిపి మార్చాలి. అదే చేత్తో ఫిల్టర్ కూడా. మూత కింద నీటి చార అన్నారు, మూత చుట్టూ ఉండే రబ్బరు రింగు కూడా మార్పించండి.

ఇలా చాలని పెట్రోల్‌తో ఎక్కువ రోజులు నడిపితే హై ప్రెషర్ పంపు కూడా నిజంగానే పాడవుతుంది. దానికి కందెన ఆ పెట్రోలే. కారణం చూడకుండా 46 వేల కొత్త పంపు వేసినా, ఆ కొత్తది కూడా ఆకలితోనే నడిచేది.

బెజవాడ_టర్బో

కనెక్టర్, ఫిల్టర్, రబ్బరు రింగు అన్నీ అయ్యాయి. మొత్తం 5 వేల లోపే. ఎర్త్ వైపు ఇప్పుడు 0.1 వోల్టు. గేజ్‌తోనే మళ్లీ రోడ్ టెస్ట్ చేశాం, తొక్కినప్పుడు 4.7 కిందకి దిగలేదు, రైల్ 178 దాకా ఎక్కి అక్కడే నిలబడింది. కోడ్ చెరిపేశాక మళ్లీ రాలేదు. కోదాడ దాకా అమ్మానాన్నలతో వెళ్లి వచ్చాను.

సీమ_సెడాన్

నాది కూడా తేలింది. ఆపాక రైల్ ప్రెషర్ నిలబడే ఉంది, ప్లగ్గులు నాలుగూ పొడి. ఆయిల్ మార్చాక ట్రిమ్ మైనస్ 19 నుంచి మైనస్ 2కి వచ్చి, కొన్ని వందల కిలోమీటర్లకే మళ్లీ మైనస్ 11. పంపు ఊడదీయించాను. ప్లంజర్ అడుగున స్ప్రింగ్ చుట్టూ పెట్రోల్ తడి మెరుస్తూ కనబడింది, ఫాలోవర్ గూడులో కూడా పల్చటి నూనె నిలిచి ఉంది. నాకు మాత్రం పంపే పోయింది. కొత్తది ఆర్డర్ పెట్టాను. బిగించేటప్పుడు చూసుకోవాల్సినవి చెప్పండి, మా మెకానిక్ ఈ పని కొత్తగా చేస్తున్నాడు.

స్పానర్‌సెట్

ఇంజిన్ తిప్పి క్యామ్ లోబ్ కిందకి ఉండేలా, అంటే ఫాలోవర్ లోతుగా దిగి ఉండే చోట ఆపమనండి. లేకపోతే స్ప్రింగ్ బలానికి బోల్టు దారాలు తెగిపోతాయి. రెండు బోల్టులూ మార్చి మార్చి సగం సగం చుట్టు బిగించాలి, ఒకటి పూర్తిగా బిగించి రెండోది పట్టుకోవద్దు. ఫాలోవర్ ముందు బయటకు తీసి చూడండి. రోలర్ గరుకు లేకుండా తిరగాలి, పక్కల గీతలు ఉండకూడదు. అనుమానం ఉంటే పంపుతోపాటే మార్చేయండి, పెద్ద ఖర్చు కాదు. దాని మీద శుభ్రమైన ఇంజిన్ ఆయిల్ రాసి పెట్టాలి. ఓ రింగ్ కొత్తది వేయాలి.

పంపు నుంచి రైల్‌కి పోయే స్టీల్ పైపు చాలా కంపెనీలు ఒకసారి విప్పితే మార్చాలనే చెబుతాయి. పాతది బిగిస్తే కొసన కూర్చునే చోటు నుంచి చెమ్మ కారుతుంది. టార్క్ రెంచ్ లేకుండా ఆ నట్టు ముట్టుకోవద్దు, అంకె మీ బండి మాన్యువల్లోదే వాడాలి. స్టార్ట్ చేసే ముందు ఇగ్నిషన్ రెండు మూడుసార్లు ఆన్ ఆఫ్ చేస్తే లో ప్రెషర్ వైపు నిండుతుంది. ఐడిల్‌లో టార్చి లైటుతో జాయింట్లన్నీ చూశాకే రోడ్డెక్కండి.

ఆయిల్, ఫిల్టర్ పంపు వేసిన రోజే మళ్లీ మార్పించండి. పెట్రోల్ కలిసిన ఆయిల్‌తో కొత్త ఫాలోవర్‌ను తిప్పొద్దు.

సీమ_సెడాన్

పైపు కూడా ఆర్డర్ పెట్టాను. పార్టులు వచ్చేదాకా బండి షెడ్డులోనే ఉంటుంది.